పాత నగ – న్యాయమైన వెల

మన సంసారాల్లో బంగారు నగ అలంకారం కంటె ఎక్కువగా ఆధారం. వైద్యానికి, వివాహానికి, చదువుకు చేతిలో పైకం లేని వేళ పెట్టె అడుగున దాచిన గాజుల జత బయటికి వస్తుంది. మన కళాశాల విద్యార్థినీ విద్యార్థుల్లో ఎందరి ప్రవేశ రుసుము వెనుక తల్లి చేతి గాజో, చెవి కమ్మో ఉన్నదో లెక్క తీయనవసరం లేదు. వడ్డీ వ్యవహారం ధర్మం కాదని విడనాడే కుటుంబాలకు తాకట్టు మార్గం కూడా ఉండదు. వారికి అమ్మకమొక్కటే గతి. అట్టి అమ్మకంలో నూటికి పది రూపాయలు తగ్గినా ఒక సంవత్సరపు పుస్తకాల ఖర్చు చేజారినట్లే.

అయినను ఒక విచిత్రం గమనించదగినది. కొనేటప్పుడు నాలుగు అంగళ్లు తిరిగి బేరమాడే మనము, అమ్మేటప్పుడు మొదటి అంగడిలోనే తలవంచుతాము. ఇందుకు కారణాలు రెండు. ఒకటి అవసరం, రెండవది బిడియం. నగ అమ్ముకునే స్థితి వచ్చినదని నలుగురికీ తెలియకూడదనే తొందరలో వర్తకుడు చెప్పిన మొత్తాన్ని పుచ్చుకొని వచ్చేస్తాము. స్వర్ణకారులను శంకించే సామెతలు మన భాషలో లేకపోలేదు. కాని సామెతలు నమ్మి వర్తకుని నిందించడం వల్ల ప్రయోజనం శూన్యం. లెక్క తెలియని చోట నిజాయితీపరుడైన వర్తకుడిని కూడా మనము గుర్తించలేము.

పాత నగ వెల ఎవరి దయా కాదు, ఊహా కాదు. అది మూడు సంఖ్యల గుణకారం: తూకం, మేలిమి, ఆనాటి ధర. ఈ మూడింటినీ విడివిడిగా అడిగి తెలుసుకున్నవాడు నష్టపోడు. మూడింటినీ కలిపి "అంతా కలిసి ఇంత" అన్నప్పుడు మౌనంగా ఒప్పుకున్నవాడే నష్టపోతాడు. ఈ విషయాన్ని సోదాహరణంగా వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

తూకం

మొదట మాటల చిక్కు విడదీసుకోవాలి. మన పెద్దలు చెప్పే పాత తులం, ఉర్దూలో తోలా, 11.66 గ్రాములు. తోలాకు 12 మాషాలు, మాషాకు 8 రత్తీలు. రత్తీ అంటే గురివింద గింజ. 1956 నాటి చట్టంతో మెట్రిక్ తూనికలు క్రమంగా వ్యాప్తిలోకి వచ్చిన తరువాత మన ప్రాంతపు బజారులో తులమనే మాట 10 గ్రాములకు వాడుక అయింది. కాబట్టి నానమ్మ చెప్పిన "మూడు తులాల గొలుసు" నేటి లెక్కలో 35 గ్రాములు, అనగా మూడున్నర తులాలు. కోస్తా జిల్లాల్లో కాసు అన్న మాట 8 గ్రాములకు వాడుక. బేరం గ్రాముల్లోనే జరగాలని పట్టుబట్టడం ఇందువల్లనే అవసరం.

రెండవది, మొత్తం తూకం వేరు, బంగారపు తూకం వేరు. నగలో రాళ్లు, ముత్యాలు, నల్లపూసలు, దారం ఉంటాయి. బోలు గుండ్లలోను, కుందనపు పనిలోను లక్క నింపి ఉంటుంది. ఇవన్నీ తీసివేయడం న్యాయమే. కాని ఎంత తీసివేశారో చెప్పించుకోవాలి. రాళ్ల బరువును కూడా కారట్లలోనే చెప్పడం వల్ల మరొక తికమక కలుగుతుంది. రాయికి కారట్ అంటే బరువు, 0.2 గ్రాములు, బంగారానికి కారట్ అంటే శుద్ధి, 24లో ఒక భాగం. మాట ఒకటే, అర్థాలు రెండు.

త్రాసు మీద తూనికలు కొలతల శాఖ వారి ముద్ర ఉన్నదీ లేనిదీ చూడాలి. నగ పెట్టక ముందు సున్న చూపుతున్నదా అని గమనించాలి. అంగడికి బయలుదేరే ముందే మరొక చోట తూచి కాగితం మీద వ్రాసుకోవడం అన్నిటికంటె మేలు.

మేలిమి

శుద్ధమైన బంగారం మెత్తన. నగకు గట్టిదనం కోసం రాగి, వెండి వంటివి కలుపుతారు. 24 భాగాల్లో 22 భాగాలు బంగారమైతే 22 కారట్లు. వేయికి లెక్క వేస్తే 916. అట్లే 18 కారట్లు 750, 14 కారట్లు 585. పూర్వం తెలుగువారు దీనినే వన్నెలలో చెప్పేవారు. పదహారు వన్నెల బంగారమంటే కల్తీ ఎరుగని అపరంజి.

పాత నగల మేలిమి ఒక్క తీరుగా ఉండదు. అందుకు చరిత్ర కూడా కొంత కారణం. 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనల క్రింద 14 కారట్లకు మించిన కొత్త నగలు చేయరాదన్నారు. 1966లో ఆ నిబంధన సడలింది. 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది, 1990లో రద్దయింది. హాల్‌మార్క్ విధానాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 2000 సంవత్సరంలో గాని ప్రారంభించలేదు. అంతకు ముందు నాటి నగకు స్వర్ణకారుని మాటే ప్రమాణం. పైగా అతుకులు వేసిన చోట వాడిన టంకంలో బంగారం పాలు తక్కువ. గొలుసులకు, గజ్జెలున్న నగలకు అతుకులు అధికం. కనుక 22 కారట్లని నమ్మి కొన్న పాత గొలుసు కరిగిస్తే 20, 21 కారట్లు తేలడం వింత కాదు. కొన్ని నగల మీద కనిపించే "కేడీఎం" అన్న అక్షరాలు కాడ్మియం టంకాన్ని సూచిస్తాయి. ఆ పొగ స్వర్ణకారుల ఆరోగ్యానికి హానికరం. ఆ అక్షరాలు మేలిమికి ప్రభుత్వపు హామీ మాత్రం కావు.

2021 జూన్ 16 నుండి 256 జిల్లాల్లో హాల్‌మార్క్ నిర్బంధమైంది. తరువాత మరికొన్ని జిల్లాలకు విస్తరించింది. 2021 జూలై నుండి ముద్రలో మూడు గుర్తులు ఉంటున్నాయి: ప్రమాణాల సంస్థ చిహ్నం, మేలిమి సంఖ్య, ఆ నగకు మాత్రమే చెందిన ఆరు అక్షరాంకెల గుర్తు. ఈ ఆరు అక్షరాంకెలను సంస్థ వారి "బీఐఎస్ కేర్" అనే ఫోను సాధనంలో నమోదు చేస్తే నగ వివరాలు తెలుస్తాయి. ఇట్టి ముద్ర గల నగను సామాన్యంగా కరిగించి పరీక్షించవలసిన పని లేదు. ముద్ర ఉండి మేలిమి తగ్గినట్లు తేలితే, తక్కువైన బంగారపు విలువకు రెండింతలు, పరీక్ష రుసుముతో సహా, అమ్మిన వర్తకుడు చెల్లించాలని 2018 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

పరీక్షా పద్ధతులు

కంటికి కనిపించే రంగు ప్రమాణం కాదు. మచిలీపట్నం చెంత చిలకలపూడిలో తయారయ్యే బంగారు పూత నగలను చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వాడుకలో ఉన్న పరీక్షలు నాలుగు.

మొదటిది గీటురాయి, ఉర్దూలో కసౌటీ. నల్లని రాతి మీద నగను గీచి, దాని ప్రక్కనే మేలిమి తెలిసిన బంగారపు పుల్లతో మరొక గీత గీచి, రెండింటి మీద ఆమ్లం వేసి పోల్చుతారు. అనుభవజ్ఞుని చేతిలో ఇది మంచి పరీక్షే. కాని తీర్పు కంటిది. పైగా పరీక్షింపబడేది పై పొర మాత్రమే.

రెండవది ఎక్స్‌రే పరికరం. బజారులో దీనిని కారట్ మీటరు అంటారు. కిరణాలు సోకిన లోహాలు తమకు ప్రత్యేకమైన కిరణాలను వెలువరిస్తాయి; వాటిని బట్టి ఏ లోహం ఎంత ఉన్నదో తెలుస్తుంది. నగకు హాని లేదు. నిమిషాల్లో ఫలితం వస్తుంది. ఇది కూడా పై పొరనే చదువుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల, అందులో ఒకటి అతుకు దగ్గర, చూపించడం మంచిది.

మూడవది అగ్ని పరీక్ష. నగ నుండి చిన్న తునక తీసి, తగినంత వెండితో కలిపి సీసపు రేకులో చుట్టి ప్రత్యేకమైన మూసలో కాలుస్తారు. సీసము, రాగి వంటివి మూసలో ఇంకిపోతాయి. మిగిలిన పూసను నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారం మిగులుతుంది. దానిని తూచి మేలిమి నిర్ణయిస్తారు. వివాదం వచ్చినప్పుడు దీనినే ప్రమాణంగా తీసుకుంటారు.

నాలుగవది భౌతికశాస్త్ర విద్యార్థులకు పరిచితమైన ఆర్కిమెడీస్ సూత్రం. బంగారపు సాంద్రత 19.3, వెండి 10.5, రాగి 8.96. 22 కారట్ల నగకు సుమారు 17.5 నుండి 18 వరకు ఉంటుంది. గాలిలోను నీటిలోను తూచి భాగిస్తే అంచనా దొరుకుతుంది. రాళ్లు, లక్క, బోలు ఉన్న నగలకు ఇది పనికిరాదు. టంగ్‌స్టన్ సాంద్రత దాదాపు బంగారంతో సమానం కాబట్టి దీనినొక్క దానినే నమ్మరాదు.

సాధారణ వినియోగదారుడు కూడా ప్రమాణాల సంస్థ గుర్తింపు గల హాల్‌మార్క్ పరీక్షా కేంద్రానికి నేరుగా నగను తీసుకుపోయి పరీక్ష చేయించుకోవచ్చు. 2022లో ప్రకటించిన రుసుము 4 నగల వరకు 200 రూపాయలు. 5 గాని అంతకు మించి గాని ఉంటే ఒక్కొక్క నగకు 45 రూపాయలు. వేల రూపాయల వ్యవహారంలో ఈ ఖర్చు లెక్కలోనిది కాదు. కొనని వాని నోట మేలిమి తెలుసుకోవడమే ఇందులోని లాభం.

ధర

పత్రికల్లో 24 కారట్లకు ఒక ధర, 22 కారట్లకు ఒక ధర ప్రకటిస్తారు. అమ్మే ఉదయమే రెండూ వ్రాసుకోవాలి. మనము కొన్నప్పుడు చెల్లించిన మజూరీ, తరుగు, పన్ను తిరిగి రావు. ఇది మోసం కాదు. పనితనానికి ఇచ్చిన పైకం పనితనంతోనే పోయింది. వర్తకుడు కొంత తగ్గించి కొనడం కూడా సహజమే. శుద్ధి చేయించాలి, ధర పడిపోతే భరించాలి, అతనికీ బతుకు తెరువు ఉండాలి. కాని వస్తు సేవల పన్ను పేరుతో మన పైకంలో కోత పెట్టడం తగదు. వ్యక్తి తన పాత నగను వర్తకునికి అమ్మితే ఆ పన్ను వర్తించదని కేంద్ర ఆర్థిక శాఖ 2017 జూలైలోనే స్పష్టం చేసింది.

ఒక లెక్క

ఒక గొలుసు మొత్తం తూకం 25 గ్రాములు అనుకుందాము. రాళ్లు, లక్క 1.4 గ్రాములు. మిగిలిన లోహం 23.6 గ్రాములు. పరీక్షలో మేలిమి 875 తేలింది. అప్పుడు శుద్ధమైన బంగారం 23.6 × 0.875, అనగా 20.65 గ్రాములు. లెక్క సులువు కావడానికి శుద్ధ బంగారం గ్రాము 10,000 రూపాయలని ఊహిద్దాము. గొలుసులోని బంగారపు విలువ 2,06,500 రూపాయలు. ఇదే మన కొలబద్ద.

ఒక అంగడిలో ఇట్లా చెప్పారు: "22 కారట్ల ధర 9,160 కట్టి ఇస్తాము, పాతది కనుక నూటికి 15 తరుగు." వినడానికి ధర ఘనంగానే ఉన్నది. 23.6 × 9,160 అంటే 2,16,176. అందులో నూటికి 15 తీసివేస్తే చేతికి వచ్చేది సుమారు 1,83,750. కొలబద్దతో భాగిస్తే నూటికి 89. మరొక అంగడిలో తరుగు మాట ఎత్తకుండా 2,00,305 ఇస్తామన్నారు. అది నూటికి 97. మొదటి అంగడిలో 875 మేలిమికి న్యాయంగా తగ్గవలసినది 916తో పోల్చితే నూటికి నాలుగున్నర మాత్రమే, తగ్గించినది 15.

విద్యార్థులు గుర్తుంచుకోవలసిన సూత్రం ఇంతే. ఎవరు ఏ మాటలతో చెప్పినా, చేతికి వచ్చే మొత్తాన్ని శుద్ధ బంగారపు విలువతో భాగించి నూటికి ఎంత అని చూడాలి. అప్పుడు అంగళ్లన్నీ ఒకే త్రాసులో తూగుతాయి. పాత నగ ఇచ్చి కొత్త నగ తీసుకునే మారకంలో కూడా ఇదే పద్ధతి. పాతదానికి పూర్తి ధర ఇచ్చి కొత్తదాని తరుగులో, మజూరీలో రాబట్టుకోవడం వ్యాపారంలో ఉన్నదే. రెండింటి లెక్కనూ వేరు వేరు కాగితాల మీద వేయించుకోవాలి.

కరిగించుట, రెట్టింపు కోత

కరిగిస్తే మట్టి, లక్క, మైనం పోయి తూకం కొంత తగ్గుతుంది. ఆపైన వచ్చిన ముద్దను తూచి, దాని మేలిమిని పరీక్షించినప్పుడు నిజం తేలిపోతుంది. అటు తరువాత మరల తరుగు పేరుతో తీసివేయడానికి కారణం లేదు. రాళ్ల బరువు తీసివేసి, రాళ్ల పేరనే మళ్లీ నూటికి ఇంత అనడం. మేలిమి తక్కువని ధర తగ్గించి, అదే కారణంతో తూకమూ తగ్గించడం. ఇవి కూడా ఒకే తప్పుకు రెండు శిక్షలు. ప్రతి కోతకూ "ఇది దేనికి?" అని అడగడం మన హక్కు. ఒక కారణానికి ఒక్క కోతే ఉండాలి.

కరిగిన నగ మళ్లీ నగ కాదు. కనుక కరిగించే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: కరిగించడం మన కళ్ళ ముందే జరగాలి, ధర నచ్చకపోతే ముద్దను మనకు తిరిగి ఇవ్వాలి, తీసిన రాళ్లు, ముత్యాలు మనకే చెందాలి. వేరు వేరు మేలిమి గల నగలను కలిపి ఒకే మూసలో వేయించరాదు; ఏ నగ ఎంత మేలిమిదో ఆపైన ఎవరూ చెప్పలేరు.

కరిగించరాని నగలు కొన్ని ఉన్నాయి. హైదరాబాదు ప్రాంతపు సత్‌లడా వంటి ముత్యాల హారాలు, చెక్కుచెదరని పాత కుందనపు పనులు, కాసులపేరులోని పాత నాణేలు లోహపు విలువకు మించి వెల చేయవచ్చు. అట్టి వాటిని చార్మినార్ పరిసరాల్లోని గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి ప్రాంతాల్లో పాత నగల పనితనం ఎరిగినవారికి చూపించిన తరువాతనే నిర్ణయం చేయాలి.

వెండి సంగతి

వెండికీ సూత్రం అదే. కాని మేలిమి తేడాలు మరింత అధికం. 925 అని ముద్ర ఉంటే వేయికి 925 పాళ్లు వెండి. కాలి పట్టీల్లో అతుకులు, మువ్వలు ఎక్కువ కనుక మేలిమి బాగా తగ్గుతుంది. నల్లబడిన వెండి కల్తీదని కొందరు భయపెడతారు. ఆ నలుపు గాలిలోని గంధక వాయువుల వల్ల ఏర్పడే వెండి సల్ఫైడ్. శుద్ధమైన వెండి కూడా నల్లబడుతుంది. జర్మన్ సిల్వర్ అనే లోహంలో మాత్రం పేరుకే వెండి; అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. బిదిరీ పాత్రల్లో వెండి పలుచని పొదుగు మాత్రమే. దాని విలువ పనితనంలో ఉన్నది. పాత జరీ చీరలు కొంటామని వీధుల్లో కేక వేసేవారు నిజానికి కొనేది జరీలోని వెండిని. చీరకు ఇంత అని కాక, వెండి ఎంత తేలుతుందో తెలుసుకొని బేరమాడాలి.

చీటీ, చెల్లింపు

అమ్మకం పూర్తయిన తరువాత చీటీ తప్పక తీసుకోవాలి. అందులో మొత్తం తూకం, తీసివేత, మిగిలిన తూకం, మేలిమి, ఆనాటి ధర, ఇచ్చిన మొత్తం వేరు వేరుగా ఉండాలి. పాత రసీదు, గుర్తింపు పత్రం వెంట తీసుకుపోవడం మంచిది; దొంగసొత్తు కొనకూడదనే జాగ్రత్తతో వాటిని అడిగే వర్తకుడు మర్యాదస్తుడే. పెద్ద మొత్తాలు బ్యాంకు ఖాతా ద్వారా రావడమే క్షేమం. 2017 నుండి ఒక వ్యవహారంలో 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది.

మరొక మాట. మహర్‌గా వచ్చినా, స్త్రీధనంగా వచ్చినా నగ స్త్రీ సొత్తు. కనుక పరీక్ష ఫలితం ఆమెకు తెలియాలి. లెక్క ఆమె ఎదుట జరగాలి. చీటీ ఆమె పేర ఉండాలి. ఇంట్లో మగవారు అమ్ముకొని వచ్చి "ఇంత వచ్చింది" అని చెప్పే ఆచారం న్యాయమూ కాదు, మర్యాదా కాదు.

ఇందులో పెద్ద చదువు ఏమీ లేదు. భాగహారం, గుణకారం తెలిస్తే చాలు. ఆ లెక్క వేయగల బిడ్డ ప్రక్కన ఉన్నప్పుడు ఏ తల్లీ అంగడి మెట్ల మీద బిడియపడదు. మన రసాయన, భౌతిక ప్రయోగశాలల్లోని త్రాసులను ఏడాదికి ఒకనాడు విద్యార్థుల తల్లిదండ్రుల కోసం తెరిచి, పాత నగల తూకం, సాంద్రత చూపించే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారికి సవినయంగా మనవి చేస్తున్నాము. గీటురాయి అనే మాటను మనము మనుషుల గుణాన్ని గురించి తరచుగా వాడుతాము. బంగారం విషయంలో అది మన చేతిలోనూ ఉండాలి, వర్తకుని చేతిలోనూ ఉండాలి. అప్పుడే బేరం ఇద్దరికీ న్యాయమైనది అవుతుంది.